మామూలు వారం ఎంత? ఒక 1500 మీటర్ల సీజన్ సమీక్ష డైరీ

సీజన్ ముగిసిన వారం

నా దగ్గర 1500 మీటర్లకు సాధన చేస్తున్న అమ్మాయి వచ్చే ఏడాది ఏ పని చేయాలి, ఎంత చేయాలి అన్నది ఈ ఏడాది రికార్డుల నుంచే తేల్చడానికి ఈ డైరీ మొదలుపెడుతున్నాను. సీజన్ అయిపోగానే ఫలితాలు చూసుకుని, పాత ప్లాన్‌కే నాలుగు కిలోమీటర్లు కలిపి కొత్త ప్లాన్ అనేయడం చాలా చోట్ల జరిగేదే. ఈసారి పేజీ పేజీ తిరగేద్దామని ఇద్దరం అనుకున్నాం.

చూడటానికి సరుకు బాగానే ఉంది. తన నోట్‌బుక్‌లో రోజువారీ దూరం, సమయం, పొద్దున లేవగానే పల్స్, నిద్ర, మార్జిన్‌లో ఒకటి రెండు మాటలు ఉన్నాయి. వాచీలో ప్రతి పరుగూ ఉంది. రేసుల్లో నేను తీసుకున్న ల్యాప్ స్ప్లిట్లు, అంటే ఒక్కో ల్యాప్‌కు పట్టిన సమయాలు, విడిగా ఉన్నాయి.

ఈ వారం మాత్రం వాటిలో ఏదీ తెరవం. ఫైనల్ అయిన మర్నాడే కూర్చుంటే సమీక్షంతా ఆ ఒక్క రేసు చుట్టూనే తిరుగుతుంది. అది అనుకున్నట్టు రాలేదు కాబట్టి ఏడాదంతా చెడ్డదిగానే కనిపిస్తుంది. తనకు చెప్పింది ఒకటే: రెండు వారాలు పరుగు వద్దు. ఈత కొట్టు, నడువు, సైకిల్ తొక్కు, ఏమీ చేయాలనిపించకపోతే చేయకు.

"రెండు వారాలు ఆపేస్తే ఇన్ని నెలలు చేసిందంతా పోదా సార్?" అని అడిగింది. బాగానే టెన్షన్ పడుతోంది.

పోదని ఊరికే సర్దిచెప్పడం నాకిష్టం లేదు. కొంత పోతుంది. సాధన ఆపితే మొదట తగ్గేది రక్తంలోని ప్లాస్మా పరిమాణం. కొన్ని రోజుల్లోనే తగ్గుతుంది, మళ్లీ మొదలుపెట్టాక త్వరగానే తిరిగొస్తుంది. అందుకే విరామం తర్వాత మొదటి పరుగుల్లో పల్స్ మామూలు కన్నా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడకూడదు. ఏళ్ల తరబడి గుండెలో, కండరాల్లో వచ్చిన మార్పులు రెండు వారాల్లో చెరిగిపోవు.

బ్రిటిష్ రన్నర్ రోజర్ బానిస్టర్ సంగతి కూడా చెప్పాను. 1954లో మైలును నాలుగు నిమిషాల లోపు పరిగెత్తడానికి సిద్ధమవుతున్నప్పుడు అతని ముఖ్యమైన వర్కౌట్ 440 గజాలు, అంటే ఇంచుమించు ఒక ల్యాప్, పదిసార్లు. ఒక్కోటి 61 సెకన్ల దగ్గర ఆగిపోయింది, ఇంకా దిగడం లేదు. తోటి రన్నర్ క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండ్ వెళ్లి కొన్ని రోజులు కొండలెక్కి వచ్చాడు. తిరిగొచ్చాక అదే వర్కౌట్ 59కి దిగింది. ఆ ఏడాది మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు 3:59.4లో పూర్తయింది. పని ఎంత అవసరమో, ఆ పనిని శరీరం ఇముడ్చుకునే వ్యవధి కూడా అంతే అవసరమని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

విరామంలో చేయాల్సిన పని ఒకటే ఇచ్చాను. ఈ ఏడాది ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు, ఎందుకు అనుకుంటున్నావు? ఒక పేజీలో రాయాలి. నేనూ రాస్తాను. ఒకరిది ఒకరం చూసుకోకూడదు. కోచ్ ముందు మాట్లాడేస్తే అథ్లెట్ జ్ఞాపకం కూడా ఆ దారిలోకే వెళ్లిపోతుంది. తను చూసింది తన మాటల్లోనే రావాలి.

రెండు కాగితాలు, ఒక స్ప్లిట్ల పట్టిక

ఈరోజు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాం. తన కాగితంలో మొదటి వాక్యం: "ఆఖరి ల్యాప్‌లో కిక్ రావడం లేదు, స్పీడ్ తక్కువ." నా కాగితంలో మొదటిది: "ఫైనల్ నాటికి అలసిపోయి ఉంది." రెండూ అభిప్రాయాలే. అందుకే స్ప్లిట్లు తీశాం.

1500లో మొదటి 300 మీటర్లు, ఆ తర్వాత 400 మీటర్ల నిండు ల్యాప్‌లు మూడు. సీజన్‌లో తన అత్యుత్తమ రేసు 4:46.4. అందులో మొదటి 300 57.5, తర్వాతి ల్యాప్ 76.4, ఆ తర్వాతిది 77.5, ఆఖరిది 75.0. ఫైనల్ 4:51.5. అందులో 57.0, 76.0, 81.5, 77.0.

తననే లెక్క వేయమన్నాను. రెండు రేసుల మధ్య తేడా 5.1 సెకన్లు. మొదటి 700 మీటర్లలో ఫైనల్‌లోనే 0.9 సెకన్లు ముందుంది. ఆఖరి ల్యాప్‌లో 2 సెకన్లు వెనకబడింది. 700 నుంచి 1100 మీటర్ల మధ్య, ఆ ఒక్క ల్యాప్‌లోనే 4 సెకన్లు పోయాయి.

"అంటే ఆఖరి ల్యాప్ కాదా సార్?"

"ఆఖరి ల్యాప్‌లో నీకు తెలిసింది. పోయింది అంతకు ముందే."

మిగతా రేసుల స్ప్లిట్లు కూడా వరసగా రాసుకున్నాం. బాగా పరిగెత్తిన ప్రతి రేసులో ఆ మధ్య ల్యాప్ నిలబడింది, బాగా రాని ప్రతి రేసులో అదే జారిపోయింది. అలసట లేనప్పుడు 400 మీటర్లు 62 సెకన్లలో పరిగెత్తగలిగిన మనిషికి 75 సెకన్ల ఆఖరి ల్యాప్ స్పీడ్ సమస్య కాదు. ఆ 62కీ 75కీ మధ్య చాలా దూరం ఉంది. అక్కడిదాకా వచ్చేసరికి శరీరంలో ఏం మిగిలిందన్నదే అసలు విషయం.

1500 మీటర్లకు కావలసిన శక్తిలో సుమారు 80 శాతం, కొందరిలో అంతకు కాస్త ఎక్కువే, ఆక్సిజన్ వాడుకుని తయారయ్యేదే. మిగిలిన కొంతే ఆక్సిజన్ లేని దారిలో వస్తుంది. ఆ దారిని తొందరగా వాడుకునే కొద్దీ కండరంలో ఆమ్లత పెరిగి, 700 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి అదే వేగం మరీ బరువవుతుంది. ఒకే వేగాన్ని తక్కువ ఖర్చుతో పరిగెత్తాలంటే థ్రెషోల్డ్ పెరగాలి. అంటే లాక్టేట్ (కండరం గట్టిగా పనిచేసేటప్పుడు తయారయ్యే పదార్థం) పేరుకుపోకుండా ఎక్కువసేపు పట్టుకోగలిగే వేగం పెరగాలి. స్పీడ్ వర్క్ పెంచుదామని వచ్చిన అమ్మాయి, బేస్, అంటే సీజన్ ముందు నెలల్లో కట్టే ఓర్పు పునాది, పెంచాలన్న మాట దగ్గర ఆగింది. ముఖంలో కొంచెం నిరాశ ఉంది. బేస్ నెలలు పొడవుగా ఉంటాయి, వాటిలో చెప్పుకోవడానికి టైమింగ్‌లు ఉండవు. ఆ నిరాశ నాకు అర్థమవుతుంది.

లోడ్ లెక్క

సమీక్షలో ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. చెప్పాల్సింది కూడా ఇక్కడే ఎక్కువ.

కిలోమీటర్లు కూడితే పని ఎంతో తెలియదు. ఎనిమిది కిలోమీటర్ల ఈజీ పరుగు, వార్మప్‌తో కూల్‌డౌన్‌తో కలిపి ఎనిమిది కిలోమీటర్లయ్యే ట్రాక్ ఇంటర్వెల్స్ (రిపీట్లుగా, మధ్యలో తేరుకుంటూ చేసే వేగపు పరుగులు), రెండూ నోట్‌బుక్‌లో ఒకే అంకె. అందుకని క్రీడా శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి వాడాం. వర్కౌట్ మొత్తం ఎంత కష్టంగా అనిపించిందో 0 నుంచి 10 వరకు ఒక అంకె వేసుకోవాలి. దాన్ని నిమిషాలతో గుణిస్తే వచ్చేదే ఆ వర్కౌట్ లోడ్. 45 నిమిషాల ఈజీ పరుగుకు 3 వేస్తే 135. 70 నిమిషాల ట్రాక్ వర్కౌట్‌కు 8 వేస్తే 560. ఆ అంకెను వర్కౌట్ అయిన అరగంట తర్వాత వేయడం మంచిది. ఆఖరి రిపీట్ అవ్వగానే అడిగితే ఆ రిపీట్‌కే మార్కులు పడతాయి.

తను సీజన్‌లో ఎక్కువ రోజులు ఈ అంకె రాసింది. రాయని రోజులను ఊహించి నింపలేదు. ఒక వారంలో రెండు మూడు ఖాళీలు ఉంటే ఆ వారాన్ని మొత్తంగా పక్కన పెట్టాం. ఊహించి రాసిన అంకె చూడటానికి అసలు అంకెలాగే ఉంటుంది, నెల తర్వాత ఏది ఏదో ఎవరికీ తెలియదు.

వారాల మొత్తాలను గ్రాఫ్ కాగితం మీద గీశాం. కంప్యూటర్‌లో నిమిషంలో అయ్యే పని, అయినా చేత్తో గీయమన్నాను. ఒక్కో వారానికి గీత గీస్తూ ఉంటే ఆ వారం ఏం జరిగిందో గుర్తొస్తుంది. "ఇది ఆ వర్షాల వారం సార్", "ఇది పరీక్షల ముందు" అంటూ తను చెబుతూ పోయింది. ఆ మాటలన్నీ గ్రాఫ్ కింద రాసుకున్నాం.

గీసిన తర్వాత చూస్తే గ్రాఫ్ రంపం పళ్లలా ఉంది. 2,600 దాటిన వారాలు ఉన్నాయి. వాటిని తను గర్వంగా గుర్తుపెట్టుకుంది, నోట్‌బుక్‌లో వాటి పక్కన నక్షత్రాలు వేసుకుంది. ఆ వారం తర్వాతి వారమో, ఆ పైవారమో 1,100, 1,200కి పడిపోయింది. జలుబు, కాలు నొప్పి, లేదా "ఈరోజు మనసు లేదు." రెండు వారాలు కలిపి సగటు తీస్తే దాదాపు మామూలు వారమంతే.

అందుకే తర్వాత అడిగిన ప్రశ్న ఇది: ఈ అమ్మాయి మామూలు వారం ఎంత? పూర్తి లెక్క ఉన్న వారాలన్నిటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాసి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీశాం. సగటు తీయలేదు. జ్వరం వచ్చిన వారాలు సగటును కిందికి లాగుతాయి, నక్షత్రాల వారాలు పైకి లాగుతాయి. మధ్యలో ఉన్న వారం 1,900కి దగ్గరగా వచ్చింది.

వచ్చే ఏడాది ప్లాన్ ఈ 1,900 మీద నిలబడాలి, 2,600 మీద కాదు. ఒకసారి చేయగలిగిన వారం శరీరం భరించగలదని చెబుతుంది, అంతే. మార్పు తెచ్చేది మళ్లీ మళ్లీ చేయగలిగిన వారం. ఎముక, స్నాయువు, థ్రెషోల్డ్, ఇవన్నీ నెలల మీద మారేవి. వాటికి ఒక వారపు శిఖరం పట్టదు. నా ముందున్న గ్రాఫ్‌లో ఇది ఎంత స్పష్టంగా ఉందంటే, సీజన్‌లో తన మూడు మంచి రేసులూ 1,700 నుంచి 2,000 మధ్య వారాలు వరసగా సాగిన తర్వాతే వచ్చాయి. నక్షత్రాల వారాల తర్వాత ఒక్కటీ రాలేదు.

"నక్షత్రాలు ఎందుకు వేసుకున్నానో!" అంది. ఆ వారాల్లో చేసిన పని చెడ్డది కాదని చెప్పాను. ఆ పట్టుదల కావాలి. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ప్లాన్.

ఈజీ పరుగులు

వాచీ రికార్డులు తెరిస్తే ఇంకో విషయం బయటపడింది. ఒంటరిగా పరిగెత్తిన ఈజీ రోజుల్లో తను సులువుగా మాట్లాడుకుంటూ పోయే వేగంలోనే ఉంది. బృందంతో పరిగెత్తిన ఈజీ రోజుల్లో కిలోమీటరుకు అరనిమిషం దాకా వేగం ఎక్కువ. ఎవరూ రేసు పెట్టుకోరు, అయినా ఒకరు అరడుగు ముందుకు వేస్తే ఇంకొకరు కలుస్తారు.

దీని వల్ల ఈజీ రోజు 3 కాకుండా 5 అవుతుంది. కష్టమైన రోజు 8 కావాల్సింది 7 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే కాళ్లు తేరుకోలేదు. వారం మొత్తం ఒకే రంగులో కనిపిస్తుంది. ఫాస్టర్ పద్ధతిలో దీనికీ కొలత ఉంది: రోజువారీ సగటు లోడ్‌ను, రోజుల మధ్య తేడాను చూపే ప్రామాణిక విచలనంతో భాగిస్తే మోనోటనీ, అంటే వారం ఎంత ఒకే తీరుగా ఉందో చెప్పే అంకె, వస్తుంది. ఒకే మొత్తం ఉన్న రెండు వారాల్లో, కష్టం సులువు విడివిడిగా ఉన్న వారం శరీరానికి తక్కువ భారం.

దూరపు పరుగుల్లో పైస్థాయి క్రీడాకారుల సాధనను పరిశీలించిన స్టీఫెన్ సీలర్ చెప్పే పంపకం సుమారుగా 80, 20. వర్కౌట్లలో ఎనభై శాతం సులువుగా, మిగతా ఇరవై నిజంగా కష్టంగా. మధ్యదూరపు పరుగుకు దాన్ని అక్షరాలా పాటించాలని నేను అనను. థ్రెషోల్డ్ పనికి మన దగ్గర పెద్ద చోటే ఉంది. అయినా సులువు రోజు సులువుగా ఉండాలన్న మాట మీద నాకు ఏ అనుమానమూ లేదు.

వేగానికి హద్దు ఎలా పెట్టాలన్నది తర్వాతి మాట. వాచీలో వచ్చే పల్స్ జోన్లు 220 నుంచి వయసు తీసేసి లెక్కించినవి. ఆ సూత్రం ఒక్కో మనిషి విషయంలో పది, పన్నెండు బీట్లు అటూ ఇటూ కావడం మామూలే, కాబట్టి దాన్ని నమ్మి ఏదీ నిర్ణయించలేదు. మాట పరీక్ష పెట్టుకున్నాం. పరిగెత్తుతూ రెండు మూడు పూర్తి వాక్యాలు ఆగకుండా చెప్పగలిగితే ఈజీ. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే కాదు. బృందంతో వెళ్లే రోజులు వారానికి ఒకటి, అదీ లాంగ్ రన్ కాని రోజు. తన స్నేహితులతో కలిసి పరిగెత్తే ఆనందాన్ని పూర్తిగా తీసేయడానికి నాకు మనసొప్పలేదు. ఏడాది పొడవునా సాధన సాగాలంటే అదీ కావాలి.

మార్జిన్‌లో రాసిన మాటలు

ఈరోజు అంకెలు వదిలేసి మార్జిన్ మాటలు మాత్రమే చదివాం. "కాళ్లు బరువు." "నిద్ర పట్టలేదు." "కుడి షిన్ కొంచెం." "కొంచెం" అన్న మాట పసుపు రంగుతో గీసుకుంటూ పోతే, షిన్ (మోకాలి కింది ముందు ఎముక) నొప్పి మొదట కనిపించిన పేజీకీ పరుగు ఆపాల్సి వచ్చిన పేజీకీ మధ్య దాదాపు మూడు వారాలు తేలింది. ఆ మూడు వారాల్లో "కొంచెం" రోజుమార్చి రోజు ఉంది. దానికి ముందు లోడ్ ఒక్కసారిగా ఎగిరింది.

ఎముక తీరే అంత. ఒత్తిడి పడ్డ చోట పాతది తొలగి, కొత్తది కట్టుకునే చక్రానికి నెలలు పడుతుంది. కొత్తది గట్టిపడే లోపు అదే చోట మళ్లీ మళ్లీ బరువు పడితే మొదట నొప్పి, తర్వాత స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి చీలిక. ఊపిరి, గుండె త్వరగా సిద్ధమవుతాయి కాబట్టి మనిషికి "ఇంకా చేయగలను" అనిపిస్తుంది. ఎముక ఇంకా సిద్ధంగా ఉండదు.

లోడ్ పెంపుకు కొలత కావాలి. ఈ వారపు లోడ్‌ను గత నాలుగు వారాల సగటుతో భాగించే పద్ధతి ఒకటి ఉంది. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే గాయాల ముప్పు తక్కువని క్రీడా శాస్త్రవేత్త టిమ్ గాబెట్ 2016లో రాశాక అది ఎంతో ప్రచారం పొందింది, ఆ తర్వాత గట్టి విమర్శలూ వచ్చాయి. గాయాన్ని ముందే చెప్పే యంత్రంలా దాన్ని వాడను. గత నాలుగు వారాలు ఏం చేశావో చూడకుండా ఈ వారం రాయకు అన్న హెచ్చరికగా వాడతాను. అది చాలు.

కొత్త నియమం ఒకటి పెట్టుకున్నాం. ఒకే చోట నొప్పి మూడు వర్కౌట్లలో మార్జిన్‌లోకి వస్తే, ఎంత చిన్నదైనా నాకు చెప్పాలి. ఆ వారం కష్టమైన వర్కౌట్ ఒకటి సైకిల్ మీదికో, ఈతలోకో మారుతుంది. వేలితో నొక్కితే ఒకే బిందువు దగ్గర ఎముక నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు నొప్పి ఉన్నా పరుగు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పరీక్షల వారాలు కూడా గ్రాఫ్ కింద ఉన్నాయి కదా. వాటిలో నిద్ర తగ్గింది, పొద్దున పల్స్ పెరిగింది, అదే ఈజీ పరుగుకు 3 బదులు 4, 5 పడ్డాయి. ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చినా భరించే శరీరం ఒకటే. వచ్చే ఏడాది పరీక్షల తేదీలు తెలిసిపోయాయి కాబట్టి, తక్కువ లోడ్ వారాలను ముందే అక్కడ పెట్టేస్తున్నాం.

ఇంకో మాట కూడా మాట్లాడుకున్నాం. అమ్మాయిలకు కోచింగ్ ఇచ్చే ప్రతి ఒక్కరూ మాట్లాడాల్సిందే. సాధనకు సరిపడా తిండి లేకపోతే నెలసరి క్రమం తప్పుతుంది, ఆగిపోతుంది కూడా, ఎముక బలం పడిపోతుంది. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టారు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందన్న మాట ట్రాక్ చుట్టూ వినిపిస్తూనే ఉంటుంది. మా ప్లాన్‌లో బరువు లక్ష్యం అనే గడి లేదు, ఉండదు. తన క్యాలెండర్ తన దగ్గరే ఉంచుకుంటుంది, నాకు చూపించనక్కర్లేదు. క్రమం తప్పితే చెబుతుంది, డాక్టర్‌ను కలుస్తుంది. నెలసరి ఆగడం బాగా కష్టపడుతున్నదానికి గుర్తని ఎవరైనా చెబితే నమ్మవద్దని గట్టిగా చెప్పాను.

రేసుల జాబితా

ఇక్కడ తనతో వాదన జరిగింది. ఈ సీజన్‌లో రేసులు ఎక్కువ. ప్రతి రేసుకూ ముందు రెండు మూడు రోజులు తగ్గించడం, వెనక రెండు మూడు రోజులు తేరుకోవడం. వరసగా వారాంతాల్లో రేసులు ఉంటే మధ్యలో సాధనకు మిగిలేది ఒకటో రెండో రోజులు. గ్రాఫ్‌లో ఆ రెండు నెలల్లో లోడ్ నెమ్మదిగా జారిపోతూ ఉంది. ఫైనల్ నాటికి థ్రెషోల్డ్ పని చేసి చాలా రోజులైంది. మధ్య ల్యాప్ ఎందుకు జారిందో ఇప్పుడు ఇద్దరికీ కనిపిస్తోంది.

"రేసులు లేకపోతే ఎలా సార్? రేసుల్లోనే కదా నేర్చుకునేది."

అదీ నిజమే. రేసు ఇచ్చే అనుభవం వర్కౌట్ ఇవ్వదు. గుంపులో మోచేతులు తగులుతుండగా లోపలి లేన్‌లో ఇరుక్కుపోకుండా ఉండటం, ఎవరో ఒక్కసారిగా వేగం పెంచితే ఎప్పుడు వెంబడించాలి, ఎప్పుడు వదిలేయాలి, ఇవి అక్కడే వస్తాయి. చివరికి మూడు రకాలుగా విడగొట్టాం. ప్రధాన పోటీ ఒక్కటే, దానికి మాత్రమే పూర్తి టేపర్, అంటే పోటీ ముందు సాధన తగ్గించడం. దానికి ముందు సిద్ధం చేసే రేసులు కొన్ని, వాటికి రెండు రోజుల తగ్గింపు చాలు. మిగతావి సాధనలో భాగం, వాటి ముందు ఏమీ తగ్గించం. టైమింగ్ ఎలా వచ్చినా ఆ రోజు ఒక పని నేర్చుకోవాలి: 800లో మొదటి ల్యాప్ అదుపులో ఉంచడం, 3000లో మధ్య కిలోమీటరు జారకుండా పట్టుకోవడం. మొత్తం జాబితా పోయిన ఏడాదికన్నా మూడో వంతు తగ్గింది. తనకు అది ఇంకా పూర్తిగా నచ్చలేదు, ఒప్పుకుంది.

టేపర్ గురించి పెద్దగా వాదన లేదు. అప్పటికి వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన 2007 నాటి ఒక విశ్లేషణలో బాగా పనిచేసిన పద్ధతి ఇది: రెండు వారాల పాటు పరిమాణాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించడం, తీవ్రతనూ వారానికి ఎన్నిసార్లు పరిగెత్తుతామన్నదాన్నీ తగ్గించకపోవడం. తన అత్యుత్తమ రేసుకు ముందు సరిగ్గా ఇలాగే జరిగింది. అది ఉంచుకుంటాం.

హీట్స్ (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత రేసులు), ఫైనల్ వరస రోజుల్లో ఉంటాయి. దాన్ని సాధనలోనే అలవాటు చేయాలి. సీజన్ ముందు నెలలో రెండుసార్లు, ఒకరోజు 1200 రేసు వేగంతో, మర్నాడు చిన్న రిపీట్లు. అంతకు మించి అవసరం లేదు.

లక్ష్యం

లక్ష్యం గడిలో తను 4:38 అని రాసుకొచ్చింది. నేను వెంటనే కొట్టేయలేదు. కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగన్ 1500 ప్రపంచ రికార్డుల సంగతి చెప్పాను. 2023 జూన్‌లో ఫ్లోరెన్స్‌లో 3:49.11. ఏడాది తర్వాత, 2024 జూలైలో పారిస్‌లో 3:49.04. మధ్యలో తేడా 0.07 సెకన్లు. 2025 జూలైలో యూజీన్‌లో 3:48.68. ప్రపంచంలో అందరికన్నా ముందున్న మనిషి ఏడాది పనికి దక్కిన ముందడుగు అది. మన స్థాయిలో అంతకన్నా చాలా పెద్ద ముందడుగు సాధ్యమే, తనకు ఇంకా ఎదగడానికి చోటుంది. అయినా ఒక్క ఏడాదిలో ఎనిమిది సెకన్లు అని ముందే గీత గీస్తే, మధ్యలో వచ్చే మూడు సెకన్ల మెరుగుదల కూడా ఓటమిలా కనిపిస్తుంది.

లెక్క వేసి చూశాం. 4:42 అంటే 400కి 75.2. 4:40 అంటే 400కి 74.7 కన్నా ఒక్క వెంట్రుకవాసి తక్కువ, మొదటి 300 సరిగ్గా 56. ప్రధాన పోటీలో 4:42ని లక్ష్యంగా రాసుకున్నాం. అంతకన్నా ముఖ్యంగా తను చేతులారా అదుపు చేయగలిగింది ఒకటి రాసుకున్నాం: ప్రతి 1500లో 700 నుంచి 1100 వరకు ఉన్న ల్యాప్, అంతకు ముందు ల్యాప్‌కన్నా ఒక్క సెకనుకు మించి నెమ్మది కాకూడదు. ఇది గాలి ఉన్నా, ఎండ ఉన్నా, ఎంత బలమైన పోటీ ఉన్నా కొలవగలిగేది.

ఏడాది అల్లిక

ప్రధాన పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాం. ఆఖరి రెండు వారాలు టేపర్. దానికి ముందు ఎనిమిది వారాలు రేసులు, రేసు వేగపు పని. దానికి ముందు ఎనిమిది వారాలు థ్రెషోల్డ్‌కు రేసు వేగానికీ మధ్య వంతెన. మిగిలినదంతా బేస్. లెక్క చూస్తే బేస్‌కు పోయిన ఏడాదికన్నా ఐదారు వారాలు ఎక్కువ దొరికాయి, అవన్నీ రేసుల జాబితా తగ్గించడం వల్ల వచ్చినవే.

ఇలా ఏడాదిని సన్నాహక, పోటీ, విరామ దశలుగా విడగొట్టే పద్ధతిని 1960లలో లెవ్ మత్వేయెవ్ సోవియట్ క్రీడల్లో ఒక సిద్ధాంతంగా కూర్చాడు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ దూరపు బేస్‌కు పెట్టింది పేరు. 800 మీటర్ల రన్నర్లను కూడా వారానికి 160 కిలోమీటర్ల దాకా పరిగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అతని శిష్యులు పీటర్ స్నెల్ 800లో, ముర్రే హాల్‌బర్గ్ 5000లో బంగారు పతకాలు గెలిచారు. ఆ కిలోమీటర్లు మాకు వద్దు. మధ్యదూరపు రన్నర్‌కు కూడా ముందు ఎక్కువసేపు పరిగెత్తగలిగే ఓర్పే పునాది అన్న అతని పట్టుదల మాత్రం కావాలి. ఒక్క విషయంలో నేను వేరు: వేగాన్ని నెలల తరబడి పూర్తిగా వదిలేయను. బేస్‌లో కూడా వారానికి ఒకటి రెండుసార్లు 20 సెకన్ల స్ట్రైడ్స్ (చిన్న వేగపు పరుగులు) ఉంటాయి. తనకున్న 62 సెకన్ల 400 చెక్కుచెదరకుండా ఉండాలి.

బేస్ మొదటి వారం ఇలా రాశాం. సోమవారం 45 నిమిషాలు ఈజీ, తర్వాత 40 నిమిషాలు బలం కోసం బరువులు. మంగళవారం థ్రెషోల్డ్: ఆరు నిమిషాలు ఐదుసార్లు, మధ్యలో నిమిషం నెమ్మదిగా, మొత్తం 65 నిమిషాలు. ఆగాక ఇంకొకటి చేయగలను అనిపించాలి. బుధవారం 45 ఈజీ, ఇది బృందంతో. గురువారం 40 ఈజీ, చివర స్ట్రైడ్స్. శుక్రవారం ఎత్తు ఎక్కే పరుగులు, అన్నీ కలిపి గంట. శనివారం విశ్రాంతి. ఆదివారం 80 నిమిషాల లాంగ్ రన్. అంచనా లోడ్ 1,720. అంటే మామూలు వారంలో దాదాపు 90 శాతం.

"ఇంత తక్కువతో మొదలుపెడతామా?" అని అడిగింది. తక్కువే. మూడు వారాలు మెల్లగా పెరుగుతుంది, నాలుగో వారం 1,400కి తగ్గుతుంది. బేస్ సగానికి వచ్చేసరికి 1,900, చివరికి 2,150 దగ్గర వరసగా నిలబడాలి. ఏ వారమూ 2,300 దాటదు, ఎంత బాగున్నా సరే. అది కాగితం పైన ఎర్ర సిరాతో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాం.

నాలుగో వారం చివర

మొదటి చక్రం పూర్తయింది. మొదటి పరుగుల్లో పల్స్ ఎక్కువ చూపించింది, వారం తిరిగేసరికి దిగింది. లోడ్ అనుకున్నదానికి దగ్గరగానే ఉంది, గురువారాలు మాత్రం కొంచెం ఎక్కువ పడుతున్నాయి. స్ట్రైడ్స్ దగ్గర తను ఆగడం లేదు. ఆ సంఖ్య ఆరుకే కట్టేశాం.

షిన్ గురించి మార్జిన్‌లో ఒక్కసారి వచ్చింది. శుక్రవారం ఎత్తు పరుగుల తర్వాత, దిగువకు వచ్చేటప్పుడు. దిగేటప్పుడు పరిగెత్తకుండా నడవమన్నాను. తర్వాతి వారం రాలేదు.

పరీక్ష కూడా చేశాం. ట్రాక్ మీద 5 కిలోమీటర్లు, ముందే నిర్ణయించుకున్న ఒకే పల్స్ దగ్గర, వేగం ఎంత వస్తే అంత. పల్స్ అదే ఉండి సమయం తగ్గుతూ పోతే బేస్ పనిచేస్తోందని అర్థం. ఇది ఆరు వారాలకోసారి, ఒకే సమయానికి, ఒకే వార్మప్‌తో. మొదటి అంకె రాసిపెట్టాం. పోల్చడానికి ఇంకా ఏమీ లేదు కాబట్టి దాని గురించి ఇప్పుడేమీ అనను.

తేలని విషయం ఒకటుంది. వంతెన దశలో 3000 రేసు ఒకటి పెట్టాలా, లేక అదే పనిని థ్రెషోల్డ్ వర్కౌట్‌గా చేయాలా? రేసు పెడితే మధ్య కిలోమీటరు పట్టుకోవడం నేర్చుకుంటుంది, ఆ వారం లోడ్ పోతుంది. తను రేసు కావాలంటోంది. రెండో పరీక్ష అంకె చూశాక నిర్ణయిద్దామన్నాను, అంతవరకు ఆ వారాన్ని పెన్సిల్‌తోనే ఉంచాం.